మక్క గింజలతో పాస్ లెక్క

పోయిన ఆదివారం కామారెడ్డి నుంచి మా కొడుకు, కోడలు, పిల్లలు ఎల్లారెడ్డిలోని మా ఇంటికి వచ్చారు. కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టకముందే ఎనిమిదో తరగతి చదివే మనవరాలు వాళ్ల నాన్న ఫోను తెచ్చి నా కళ్లద్దాల ముందు పెట్టింది. హైదరాబాద్ దగ్గరి ఒక పెద్ద థీమ్ పార్కు బొమ్మ. నీళ్ల జారుడుబండలు, తలకిందులుగా తిరిగే బండి, వాటి కింద లావు అక్షరాల్లో 'ఏడాది పాస్'.

"తాతా, ఇది ఒక్కసారి తీసుకుంటే సాలంతా ఎన్నిసార్లయినా పోవచ్చు. మల్ల టికెట్ అక్కర్లేదు. నువ్వు చెప్తే డాడీ వింటడు."

"ఎన్నిసార్లు పోతవు బిడ్డా?"

"ఎనిమిది" అంది, తడుముకోకుండా. పక్కనున్న వాళ్ల తమ్ముడు, మా చిన్నోడు, "పది" అన్నాడు.

పాస్ ఎంతో, టికెట్ ఎంతో ఎవరికీ అనుమానం ఉండదు. అవి అచ్చేసి ఉంటాయి. అచ్చులో దొరకనిది ఒక్కటే, మనం ఎన్నిసార్లు పోతాం అన్నది. లెక్కంతా దాని మీదనే నిలబడుతుంది. దాన్నే మనం తడుముకోకుండా చెప్పేస్తాం. బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నాకు ఈ సంగతి పిల్లలకు నోటితో చెప్పాలనిపించలేదు, కొలిచి చూపించాలనిపించింది.

ముందు సులువైన లెక్క. పార్కులు ధరలు మారుస్తూ ఉంటాయి కాబట్టి మేమే సుమారు అంకెలు అనుకున్నాం. మనిషికి టికెట్ 1,400, ఏడాది పాస్ 3,500. భాగిస్తే రెండున్నర. సగంసారి పోవడం ఉండదు కనక మూడోసారికి పాస్ గిట్టుతుంది. మనవరాలి ముఖం వెలిగిపోయింది. "చూసినవా తాతా! మూడే."

"మరి పార్కోళ్లకెట్ల గిట్టుతది?" అని అడిగాను. భిక్కనూరు సిద్ధరామేశ్వరుని జాతరలో రంగులరాట్నానికి ఎక్కిన ప్రతిసారీ పైసలు తీసుకుంటారు. పార్కులో గేటు దగ్గర ఒక్కసారే తీసుకుని లోపల ఎన్నిసార్లయినా ఎక్కమంటారు. అమెరికాలో డిస్నీల్యాండ్ 1955లో తెరిచాక చాలా ఏళ్లు రెండు పద్ధతులూ కలిపి నడిపింది, గేటుకు వేరే, ఆటలకు వేరే కూపన్లు. ఏ పద్ధతిలో ఎవరికి లాభమో వాల్టర్ ఓయి అనే ఆర్థికవేత్త 1971లో డిస్నీల్యాండ్ పేరుతోనే ఒక వ్యాసంలో తేల్చాడు. ఆయనకు కళ్లు కనిపించేవి కావు. ఆయన దారిలో చూస్తే ఏడాది పాస్ అంటే గేటు రుసుమును ఇంకాస్త ముందుకు జరపడమే. ఆడినా ఆడకపోయినా పైకం ముందే చేతికి వస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు. ఎక్కువసార్లు వచ్చేవాడికి నిజంగానే చవక. మనం ఆ ఎక్కువసార్లు వచ్చేవాళ్లలో ఉన్నామా అన్నదే చూసుకోవాలి.

ఇక దారి. మావాళ్లు కామారెడ్డిలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే భిక్కనూరు, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్. అక్కడి పెద్ద పార్కుల్లో 2016లో తెరిచిన వండర్‌లా రావిర్యాల దగ్గర ఉంది. 1996 నుంచి ఉన్న రామోజీ ఫిలిం సిటీ విజయవాడ రోడ్డు మీద. రెండూ పట్నానికి ఆవలి పక్క. మనమేమో ఈవలి పక్క. మేడ్చల్ దాటాక ఔటర్ రింగురోడ్డు ఎక్కి అర్ధచక్రం చుట్టాలి. ఒక వైపు సుమారు 160 కిలోమీటర్లు అనుకున్నాం, రానుపోను 320. కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే 20 లీటర్లు, లీటరు 107 అనుకుంటే 2,140 రూపాయలు. టోల్‌గేట్లు, నలుగురి తిండి, అక్కడ సామాను పెట్టుకునే పెట్టె కిరాయి కలిపి 1,460 వేశాం. మొత్తం 3,600. ఇది పాస్ ఉన్నా తప్పదు, లేకున్నా తప్పదు.

ఆ పార్కులకు దగ్గరగా ఇబ్రహీంపట్నంలో ఉండే పిల్లవాడికి ఈ 3,600 ఉండదు. సాయంత్రం రెండు గంటలు పోయి వచ్చినా వాడికి నడుస్తుంది. పాస్ ధర వాడికీ మనకూ ఒక్కటే, విలువ మాత్రం ఒక్కటి కాదు. ఊరు దూరమయ్యే కొద్దీ అది తరుగుతూ పోతుంది.

దీనికి రుజువు మా ఇంట్లోనే ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా. అప్పటినుంచి మా కోడలూ మనవరాలూ ఎల్లారెడ్డికి రావడం బాగా పెరిగింది. నలభై కిలోమీటర్ల దారి, పొద్దున వచ్చి పొద్దుగూకేసరికి పోతారు. హైదరాబాద్‌కు కూడా అదే ఉచితం, కానీ అటు పోవడం పెరగలేదు. టికెట్ సున్నా అయినంత మాత్రాన రోజు సున్నా కాదు. తెల్లవారుజామున లేవడం, తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి, మర్నాడు బడిలో నిద్ర, ఇవన్నీ ధరే. "అవును మామయ్యా, నేను లెక్కేయలేదు గానీ నిజమే" అంది కోడలు వంటింట్లోంచి.

పాసులంటే నాకు చెడ్డ అభిప్రాయం ఏమీ లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆర్టీసీ నెల పాస్ మీదనే తిరిగాను. ఆ నెలవారీ సీజన్ టికెట్ సూత్రం చాలా మంచిది. 20 రోజుల ఛార్జీ కట్టు, 30 రోజులు తిరుగు. నెలకు 24 పనిదినాలు ఉంటే నాలుగు రోజుల రానుపోను మిగులు. ఇందులో ఊహించేది ఏమీ లేదు, బడికి పోక తప్పదు కాబట్టి. మా కొడుకు ఫాస్టాగ్ ఏడాది పాస్ తీసుకున్నాడు. 2025 ఆగస్టు 15న అది మొదలైనప్పుడు ధర 3,000. ఏడాది లేదా 200 దాటుళ్లు, ఏది ముందయితే అది. అంటే అన్నీ వాడుకుంటే ఒక్కో గేటుకు 15 రూపాయలు. కామారెడ్డి నుంచి పట్నానికి భిక్కనూరు, మనోహరాబాద్ రెండు గేట్లు, రానుపోను నాలుగు. గేటుకు సగటున 80 అనుకుంటే రాకపోకకు 320 రూపాయలు, పదోసారికి పాస్ గిట్టేసినట్టే. వాడు పని మీద నెలకు రెండుసార్లు పోతాడు. ఏడాదికి 24 సార్లు, 96 దాటుళ్లు. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఔటర్ రింగురోడ్డు మీద మాత్రం అది చెల్లదు, జాతీయ రహదారులకే. అందుకే పార్కు లెక్కలో ఆ రుసుము వేరే వేశాం.

"ఇప్పుడు చెప్పు బిడ్డా, డాడీ పాస్‌కూ నువ్వు అడిగే పాస్‌కూ తేడా ఏంది?"

కాసేపు ఆలోచించింది. "డాడీ పోక తప్పదు. నాకు పోవాలనిపిస్తది, అంతే."

తొంభై శాతం పాఠం పిల్ల నోటితోనే వచ్చింది. పోక తప్పని ప్రయాణాలను లెక్కపెట్టవచ్చు. పోవాలనిపించే ప్రయాణాలను లెక్కపెట్టాలంటే కాస్త కష్టపడాలి. ఆ కష్టానికి పూనుకున్నాం.

అరుగు మీద చాటలో విత్తనానికి ఎండబెట్టిన మక్కలు ఉన్నాయి. ఎనిమిది గింజలు ఏరుకురమ్మన్నాను. గోడకున్న క్యాలెండర్ దించి, కుట్టు విప్పి పన్నెండు కాగితాలనూ నేల మీద వరసగా పరిచాం. ఎప్పుడెప్పుడు పోతావో ఆ తేదీల మీద గింజలు పెట్టమన్నాను. సంక్రాంతి సెలవుల్లో ఒకటి, శివరాత్రి తర్వాతి ఆదివారం ఒకటి, ఎండాకాలం సెలవుల్లో మూడు, ఆగస్టు 15కు ఒకటి, దసరాకు ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి. గింజలు సరిపోయాయి. పిల్ల వెనక్కి జరిగి గర్వంగా చూసుకుంది.

"ఇగ ఒక్కో గింజ దగ్గర కూసొని, ఆ పొద్దు నువ్వు ఏడ ఉంటవో చెప్పు."

సంక్రాంతికి బాన్సువాడలో అమ్మమ్మ ఇల్లు. మానేస్తే అమ్మమ్మ ఊరుకోదు. పైగా జనవరి చలిలో పొద్దున్నే నీళ్ల జారుడుబండ ఎవరెక్కుతారు? గింజ తీసేసింది. శివరాత్రి తర్వాత వార్షిక పరీక్షలు ముంచుకొస్తాయి. అదీ తీసింది. ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేస్తారు, ఈమె కవాతులో ముందు నడవాలి. ఆపైన వానలు. 2025 ఆగస్టు చివరి వారం గుర్తుందా అన్నాను. కామారెడ్డిలో కాలనీలు మునిగి, రహదారి కోసుకుపోయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, మూడు నాలుగు రోజులు ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. 1922లో కట్టిన పోచారం చెరువు మీదుగా నీళ్లు దూకుతుంటే ఈ చుట్టుపక్కల ఎవరికీ కంటిమీద కునుకు లేదు. అలాంటి రోజుల్లోనూ పాస్ గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పిల్ల మారుమాట్లాడకుండా ఆ గింజనూ తీసింది.

దసరా గింజ దగ్గర నేను నోరు తెరవనవసరం రాలేదు. "బతుకమ్మ ఇడిచిపెట్టి నేనెందుకు పోతా!" అని తనే తీసేసింది. క్రిస్మస్‌దీ చలి గింజే, అదీ పోయింది. ఎండాకాలం మూడింట్లో ఒకటి తీసి చేతిలో పట్టుకుని, పెట్టాలా వద్దా అని తటపటాయించి, మే, జూన్ కాగితాల నడుమ గీత మీద పెట్టింది. గట్టిగా నిలిచినవి రెండు. గీత మీద ఒకటి.

చిన్నోడి కథ ఇంకో రకం. చాలా పార్కుల్లో పెద్ద రైడ్లకు ఎత్తు నియమం ఉంటుంది. బెల్టు, కూర్చునే తొట్టి ఆ ఎత్తుకు తగ్గట్టు చేసినవి. పొట్టి పిల్లలు జారిపోతే ప్రమాదం. 140 సెంటీమీటర్లు అనుకుందామని వాణ్ణి దర్వాజకు ఆనించి, నెత్తిమీద పుస్తకం పెట్టి పెన్సిల్‌తో గీశాను. వాడు మడమలు లేపాడు, మళ్లీ ఆనించాను. 128. ఈ వయసులో పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఇంకా రెండేళ్లు. అప్పటిదాకా వాడికి పాస్ కొన్నా సగం ఆటలు కిందనుంచి చూడవలసిందే. వాడు ఏడుపు ముఖం పెట్టాడు గానీ, గీత పక్కన తేదీ మాత్రం తనే రాశాడు.

మనుషులు ముందు ఎనిమిది అని ఎందుకు అంటారు? 1979లో డేనియల్ కానెమాన్, అమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు. రాబోయేదాన్ని ఊహించేటప్పుడు మనం కళ్ల ముందున్న ప్రణాళికనే చూస్తాం, ఇంతకుముందు ఇలాంటివి ఎట్లా జరిగాయన్నది చూడం. అందుకే పిల్లను అడిగాను, పోయినేడు సరదాకు హైదరాబాద్ ఎన్నిసార్లు పోయారని. ఒక్కసారి, జూ పార్కుకు. పోచారం కట్ట మీదికి? "లెక్కలేదు తాతా." పోచారం మాకు దగ్గర. ఎవరూ ప్రణాళిక వెయ్యకుండానే పోయివస్తాం. వచ్చే ఏడాదికి అన్నిటికంటే నమ్మకమైన సాక్షి పోయిన ఏడాదే.

పెద్దవాళ్లూ ఇంతే. అమెరికాలో మూడు వ్యాయామశాలల్లో 7,752 మంది సభ్యుల హాజరు పట్టీలు తీసుకుని స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్‌రికె మాల్మెండియర్ 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. నెలకు 70 డాలర్ల పైన కట్టి ఎన్నిసార్లయినా రావచ్చన్న పద్ధతి తీసుకున్నవాళ్లు నెలకు సగటున నాలుగైదుసార్లే వచ్చారు. వచ్చినప్పుడల్లా 17 డాలర్లకు పైగా పడింది. అదే పదిసార్ల కార్డు కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లే. వాళ్లు లెక్క రానివాళ్లు కాదు. కట్టేనాడు తాము కావాలనుకున్న మనిషిని తలుచుకుని కట్టారు, వెళ్లవలసిన రోజు అసలు మనిషి ఇంట్లో ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ గీత మీది గింజ సంగతి. దీని దగ్గరే చాలా ఇళ్లు దెబ్బతింటాయి. నలుగురికి పాసులు 14,000. రెండుసార్లు టికెట్లతో పోతే 11,200. మూడుసార్లయితే 16,800. అంటే పాస్ కొని రెండేసార్లు పోతే 2,800 నష్టం, మూడోసారి పోతే 2,800 మిగులు. రెండుసార్లు పోయొచ్చాక ఇంటాయన ఏమంటాడు? "పైసలు దండుగైతున్నయి, ఇంకోసారి పోదాం పాండ్రి" అంటాడు. కానీ ఆ మూడోసారికి దారి ఖర్చు 3,600. పోయిన 2,800 వసూలు చేసుకోవడానికి జేబులోంచి 3,600 తీయాలి! ఇష్టంతో పోతే ఆ ఖర్చుకు సంతోషం దక్కుతుంది. పాస్ కోసం పోతే నష్టాన్ని పెంచుకున్నట్టే. మనవరాలు ఈ లెక్కను రెండుసార్లు వేసి, తప్పేమీ దొరక్క నన్ను చూసింది.

పోయిన సొమ్ము వెంట పడే ఈ గుణాన్ని 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనేవాళ్లు ఒహైయో విశ్వవిద్యాలయ నాటకశాలలో పరీక్షించారు. సీజన్ టికెట్ కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు చీటీ వేసినట్టు ఇచ్చారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. అయినా పూర్తి ధర కట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోయింది. కట్టిన నొప్పి కొన్నాళ్లు తోసింది, తర్వాత నొప్పీ పోయింది, తోపుడూ పోయింది.

"కానీ తాతా, ఎక్కిన ప్రతిసారీ కడుపుల ఝుమ్మంటది కదా, అది మంచిగుంటది" అంది మనవరాలు.

మంచిగుంటుంది, నేను కాదనను. ఎల్లారెడ్డి రోడ్డు మీద బస్సు కల్వర్టు ఎక్కి దిగినప్పుడు వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు కలిగేది కూడా అదే. కూర్చున్నప్పుడు సీటు మనల్ని కిందనుంచి మోస్తూ ఉంటుంది. ఆ మోతనే మనం బరువు అనుకుంటాం. బండి ఒక్కసారిగా కిందికి జారితే ఆ మోత తగ్గిపోతుంది. కడుపులో పేగులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉండేవి కాస్తా తేలికవుతాయి. చెవి లోపల జిగురు పొర మీద సన్నని సున్నపు రేణువులు ఉంటాయి. వాటి ఒత్తిడి మారగానే 'పడిపోతున్నాం' అని మెదడుకు కబురు పోతుంది. గుండె కొట్టుకుంటుంది, బెల్టు ఉందని తెలుసు కాబట్టి భయం నవ్వుగా మారుతుంది.

రేణువులు ప్రతిసారీ ఒకేలా కదులుతాయి. మారేది మెదడు. వుల్ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతులకు పండ్ల రసం చుక్కలు ఇస్తూ మెదడులో డోపమిన్ కణాలను గమనించాడు. మొదట్లో రసం పడగానే ఆ కణాలు చెలరేగాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక దీపానికే చెలరేగాయి, రసానికి కాదు. ఎదురుచూడనిది దొరికినప్పుడే వాటికి పండగ. 1997లో ఆయన మరో ఇద్దరితో కలిసి దీన్ని సూత్రంగా చెప్పాడు. మూడు నెలల్లో మూడుసార్లు ఎక్కిన బండి ఏ మలుపులో ఏం చేస్తుందో మెదడు ముందే చెప్పేస్తుంది. రెండేళ్లు ఆగి ఎక్కితే, అందులోనూ అప్పటికి 140 సెంటీమీటర్లు దాటిన చిన్నోడు మొదటిసారి ఎక్కితే, ఆ ఝుమ్ము కొత్తదే.

ఎన్నిసార్లు పోతామో ఎంత కష్టపడ్డా తేలకపోతే ఎట్లా? దానికీ ఒక ఉపాయం ఉంది. నా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో సైకిళ్లు గంట లెక్కన కిరాయికి ఇచ్చేవాళ్లు. సైకిల్ నేర్చుకుని నాలుగు రోజుల్లో మానేస్తానో, ఏళ్ల తరబడి తొక్కుతానో తెలియదు. మొదటిరోజే కొంటే, మానేస్తే దండుగ. ఎప్పటికీ కిరాయికే తీసుకుంటే, ఏళ్ల తరబడి తొక్కితే దండుగ. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఇదే చిక్కును మంచు మీద జారే స్కీల కిరాయి లెక్కగా చెప్పుకుంటారు. వాళ్ల జవాబు ఇది: కట్టిన కిరాయి కొత్తదాని ధరకు సమానమయ్యేదాకా కిరాయికే తీసుకో, ఆ తర్వాత కొను. ఎంత దురదృష్టం వచ్చినా, జరగబోయేదంతా ముందే తెలిసినవాడు పెట్టే ఖర్చుకు రెట్టింపు మించదు. పార్కుకు కూడా అంతే. మొదట టికెట్‌తో పోయి రావాలి. టికెట్లకు పెట్టిన సొమ్ము పాస్ ధరకు చేరువైనా ఇంకా పోవాలనే ఉంటే, అప్పుడు పాస్ కొనాలి. ఆ రోజు టికెట్ డబ్బును పాస్ ధరలో తగ్గించే పద్ధతి ఉందేమో గేటు దగ్గర అడిగితే పోయేదేమీ లేదు.

మా కొడుకు ఇదంతా గడప మీద కూర్చుని విన్నాడు. "బాపూ, మే నెలల ఒక్కసారి పోదాం, టికెట్‌తోని. చిన్నోనికి నీళ్లల్ల ఆడుకునేటియి శానా ఉంటయి" అన్నాడు. పిల్లలు గెంతారు.

సాయంత్రం బస్సుకు తయారవుతూ మనవరాలు క్యాలెండర్ కాగితాలు వరసగా పేర్చి మళ్లీ కుట్టు వేసింది. తీసేసిన ఐదు గింజలనూ చాటలో కలిపింది. రెండు గింజలు తన పెన్సిల్ డబ్బాలో వేసుకుంది. గీత మీదిది మాత్రం నా అరచేతిలో పెట్టింది.

"తాతా, మూడోసారి నిజంగనే పోవాలనిపిస్తే?"

"అప్పుడు వచ్చి అడుగు బిడ్డా. ఇది నా కళ్లద్దాల డబ్బాల ఉంటది."